సుద్ద గీత

మే రెండో వారం దాకా మైదానం మీద మంచు కదల్లేదు.
పారలు పట్టుకుని అందరం దిగాం.
గోలీ హుగ్రున్ చేపల ఫ్యాక్టరీ బూట్లతోనే వచ్చింది,
మడమల దగ్గర పొలుసులు మెరుస్తూనే ఉన్నాయి.

నా పని గీతలు వేయడం.
పదిహేడేళ్లుగా ఈ క్రాకువీక్ మైదానంలో
సుద్దబండి తోస్తున్నాను.
గీత వంకరపోతే ఎవరికీ తెలియదనుకుంటారు.
అంచు వెంట పరిగెత్తే స్వన్‌హిల్దుర్‌కి తెలుస్తుంది:
"గున్‌వోర్, ఈ వారం నడుం బాగా పట్టేసినట్టుందే!"

మొదటి ఆట ఓడిపోయాం. రెండోదీ అంతే.
రాజధాని పేపరువాళ్లు మా ఊరి పేరు తప్పు రాశారు.
మూడోది గాలి గెలిపించింది, అబద్ధమెందుకు!
మేం కొట్టిన కార్నర్‌ని సముద్రపు గాలి ఎత్తుకెళ్లి
వాళ్ల గోలీ వేళ్ల మీంచి లోపల పడేసింది.
ఆ రాత్రి కోచ్ థోర్‌కట్లా
గాలికని ఒక గ్లాసు పోసి కిటికీలో పెట్టింది.
పొద్దునకి ఖాళీ.
ఆమె మొగుణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

జూన్ వచ్చింది, చీకటి రావడం మానేసింది.
రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి ఎండలో సాధన.
ఒక్కొక్కరి నీడ ఒక గోలు నుంచి మరో గోలు దాకా.
ఆ నెలలో ఐదు ఆటలు, ఐదూ మావే.
ఒకదాంట్లో పెనాల్టీ ఇచ్చారు,
చూస్తే చుక్క లేదు,
విరామంలో కంచె దూరిన గొర్రె నాకేసింది.
మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ పెట్టాను.
రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు.
ఎల్ద్‌బ్యోర్గ్ నా చెవి దగ్గరికి వంగి
"మూడో నెల. ఎవరికీ చెప్పకు" అంది.
బంతి పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కొట్టింది.
అదే ఆమె ఆఖరి గోలు, ఈ ఏటికి.

తొమ్మిదో నంబరు చొక్కా
పదహారేళ్ల స్తెయిన్‌వోర్‌కి ఇచ్చారు.
అవతలి ఒడ్డు పిల్ల, నాన్న పడవలో వస్తుంది.
మొదటి రోజు గీత దగ్గరే ఆగిపోయింది,
బూటు మొన సుద్దకి తగలకుండా.
నాకు డెబ్బై ఆరు గుర్తొచ్చింది.
మగవాళ్ల మైదానం మాకు ఇవ్వలేదు.
రేవు వెనక కంకర నేల మీద
వంటింటి రై పిండితో గీతలు గీసుకున్నాం.
కుర్రాళ్లు కాళ్లతో చెరిపేవాళ్లు, మళ్లీ గీసేవాళ్లం,
పిండి అయిపోయేదాకా.
ఒక్క వేసవి ఆడాం. ఎక్కడా రాసి లేదు.
నా ఎడమ మోకాలి చర్మం కింద
నల్ల రాయి ఒకటి మాత్రం ఉంది.
ఆ పిల్లకి ఇవేమీ చెప్పలేదు.
వీపు మీద చెయ్యి వేసి
తోశాను.

సెప్టెంబరు. కొండ మీద మళ్లీ తెలుపు.
ఆఖరి ఆట మా ఊళ్లోనే, గెలిస్తే కప్పు.
ఒకటి ఒకటి. గెలవలేకపోయాం.
దక్షిణాన రెండో స్థానం జట్టు ఆట ఇంకా నడుస్తోంది.
వాళ్లు ఒక గోలు ముందున్నారు, అలాగే ముగిస్తే కప్పు వాళ్లది.
మైదానం మధ్య పద్దెనిమిది మంది ఆడవాళ్లు,
చెమట చల్లారి వణుకుతూ,
ఒకే ఒక్క ఫోన్ చుట్టూ.
ఎల్ద్‌బ్యోర్గ్ పొట్ట మీద హుగ్రున్ గ్లవ్స్.
ఎవరూ మాట్లాడలేదు. ఒకరికి ఎక్కిళ్లు.

అప్పుడు అక్కడెక్కడో,
అట్టడుగు జట్టు అమ్మాయి ఒకతె,
వాళ్లు గెలిచినా ఓడినా ఒకటే అయిన రోజున,
కాలు చాచింది.

తర్వాత అరుపులు. థోర్‌కట్లా గడ్డి మీద బోర్లా పడి నవ్వింది.
స్తెయిన్‌వోర్ వాళ్ల నాన్న పడవ హారన్ మోగించి మోగించి
బ్యాటరీ అంతా ఖాళీ చేశాడు,
ఆ రాత్రి ఇద్దరూ మా ఇంట్లోనే పడుకున్నారు.

సోమవారం ఎండుచేప మూటకట్టాం.
ఆ అమ్మాయి పేరు పేపర్లో ఉంది కానీ
ఆ పేపర్ని మేం నమ్మం.
"ఎడమ పక్క డిఫెండర్‌కి" అని రాసి, కింద ఆ ఊరి పేరు.
రెండు కిలోల మూడొందల గ్రాములు.
పోస్టాఫీసు రసీదు నా దగ్గరే ఉంది.