ఎత్తు ఎక్కడి నుంచి

ఐజ్వాల్‌లో మేం ఇంట్లోకి ఎక్కం, దిగుతాం.
రోడ్డు మీద కనిపించే తలుపు నాలుగో అంతస్తుది.
దాని కింద వంటిల్లు, దాని కింద మంచాలు,
ఇంకా కింద పందుల దొడ్డి,
అన్నిటికీ కింద, పొగమంచులో ఎక్కడో,
నేలను వేళ్ళతో పట్టుకుని నిలబడ్డ సన్నటి కాళ్ళు.

మరి ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి?
రోడ్డు మీంచి చూస్తే అది కిళ్ళీకొట్టంత,
లోయలోంచి చూస్తే మేడ.
ఏడో నిబంధన దగ్గర మా ఆఫీసు
మూడు నెలలుగా నిలబడిపోయింది.
రోడ్డు నుంచే, అన్నారు కాంట్రాక్టర్లు.
ఆలోచిద్దాం, అన్నారు పెద్దలు.
చిత్తుప్రతి టైపు చేసేదాన్ని, సర్వే సంచీ మోసేదాన్ని,
నన్నెవరూ అడగలేదు.

మే నెల చివర్లో పీ దార్‌థువామి ఇంటికి వెళ్ళాను.
మంచాల గది కింద ఇంకో గది తవ్వుతానంటుంది,
నర్సింగ్ చదివే పిల్లలకి అద్దెకిస్తానంటుంది.
వాలు కొలిచాను.
ముప్ఫై ఎనిమిది.
రాబోయే నిబంధన ప్రకారం ముప్ఫై అయిదు దాటితే
పార తగలకూడదు.

"మూడు డిగ్రీలకా?" అంది.
బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని
నల్ల టీ కప్పు ఎత్తి, కాస్త వంచి,
"మూడంటే ఇంతేగా? చూడు, ఒలికిందా?"
ఒలకలేదు. సగం తాగిన కప్పు.

చదునైన నేల ఈ ఊళ్ళో రెండే చోట్లంది,
ఫుట్‌బాల్ మైదానం ఒకటి, సమాధులు ఒకటి.
"ఆడే వయసు దాటింది,
రెండోదానికి తొందర లేదు.
మధ్యలో ఎక్కడుండమంటావు నన్ను?"

నా దగ్గర జవాబు లేదు, పరికరం ఉంది.
కెటిల్ అందుకుని
ఆవిడ కప్పు అంచుదాకా నింపాను.
"జూన్‌లో కొండ ఇలా ఉంటుంది, పీ.
ఇప్పుడు వంచు."

వంచింది.

టీ ముందు సాసర్లోకి, సాసర్లోంచి బల్ల మీదికి,
బల్ల మీంచి నా కాగితాల మీదికి,
నాలుగో నిబంధన, అయిదు, ఆరు,
ఏడో దాన్ని తడిపి
బల్ల చివర ఒక్క క్షణం ఆగి
చెక్కల సందులోంచి కిందికి.

ఇద్దరం ఆ సందులోకే చూశాం.
కింద పు జైరెమా రేకుల కప్పు,
ఎండబెట్టిన మిరపకాయలు,
వాటి పక్కన బోర్లా పడుకుని
లెక్కలు చేసుకుంటున్న ఆయన మనవరాలు.
ఆ పిల్ల మెడ తుడుచుకుని
వానేమోనని పైకి చూసింది.

పీ దార్‌థువామి ఏమీ అనలేదు.
పాత గుడ్డతో ముందు నా కాగితాలు అద్దింది, తర్వాత బల్ల.
గోడకి ఆనించిన గునపాన్ని
ఇంకో గోడకి ఆనించింది.
ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియదు.
నేను ఫైల్లో "వానల తర్వాత మళ్ళీ చూడాలి" అని రాశాను.
పిరికి వాక్యం. ఆఫీసులో దాన్ని జాగ్రత్త అంటారు.

కొండకి వెంట్రుక వేసి లాగుతున్నాం అందరం.
వస్తే ఒక గది.
పోతే,
ఇక్కడ పోయేది వెంట్రుక కాదు.

ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండానే
ఏడో నిబంధన టైపు చేశాను:
ఎత్తు, అన్నిటికన్నా కింది స్తంభం పాదం నుంచి.
రేపు ఎవరైనా కొట్టేస్తారు, కొట్టెయ్యనీ.
టీ మరక ఉన్న ప్రతినే పైకి పంపాను.

చీకటి పడ్డాక ఇంటికి.
రోడ్డు నుంచి నలభై రెండు మెట్లు కిందికి.
ఎదురు కొండ నిండా దీపాలు.
దీపం కొండెక్కితే ఆరిపోయినట్టంటారు,
ఇక్కడ ఎక్కినవన్నీ వెలుగుతూనే ఉన్నాయి,
ఒక దాని భుజం మీద ఒకటి కాలు వేసి.

పదేళ్ళుగా దిగుతున్న మెట్లు.
మా ఇంటి కింద వాలు ఎంతో
ఒక్కసారీ చూడలేదు.
భుజానే ఉంది సంచీ, సంచీలో పరికరం.
తలుపు తీసి, చెప్పులు విప్పి,
దాన్ని మేకుకి తగిలించాను.
అది కొంచెం ఊగి
నిట్టనిలువుగా ఆగింది.