అవతలి వైపు తడి

ఆగస్టు ముసురు. రాత్రంతా కురిసి
తెల్లారేసరికి తెరిపిచ్చింది.
ఆనందపేటలో మా మేడమీద గది,
కొత్తగా ఏసీ బిగించిన గది,
కిటికీ అద్దం పాలు పులిమినట్టు తెల్లబడింది.

పాత చీరముక్కతో తుడిచాను. పోలేదు.
పేపరు ఉండ చుట్టి రుద్దాను. పోలేదు.
సబ్బునీళ్ళు, నిమ్మచెక్క, ఆఖరికి నా గోరు.
"అవతలి వైపుందమ్మా అది" అంది షాహిదా
నోట్లో బ్రష్షు తీయకుండానే.

పోయిన డిసెంబర్లో ఇవతలే ఉండేది.
వంటింటి కిటికీ.
గంజి వార్చిన ఆవిరి,
ఎండ లేక లోపలే ఆరేసిన స్కూలు బట్టలు,
తలుపులన్నీ బిగించుకుని పడుకున్న
ముగ్గురి ఊపిరి
పోయి పోయి ఆ అద్దం మీద కూర్చునేవి.
ధారలు కారి చెక్క ఉబ్బింది.
బీరువా వెనక గోడ నల్లగా బూజెక్కింది.
పైపు పగిలిందని నేను
ఇంటాయన కోటిలింగంగారితో వారం రోజులు మాట్లాడలేదు.
ఆయన మేస్త్రీని పెట్టి గోడ తవ్వించాడు, పాపం.
అందులో పైపే లేదు.

మా ఆయన నాగుల్ మీరా
నల్లపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో చేస్తాడు.
గుంటూరు మే నెల ఎండలో
సైకిలు హ్యాండిలుకి స్వెట్టరు వేలాడేసుకుని పోయే మనిషి.
ఛాంబరు తలుపు దాటి బయటికి అడుగేస్తే చాలు
కళ్ళజోడు గుడ్డిదైపోతుందట.
"తుడిస్తే మళ్ళీ పడుతుంది. నిలబడాలి.
దాని చూపు అదే తెచ్చుకుంటుంది."

నేను యార్డు పక్క షెడ్డులో తొడిమలు తీస్తాను.
సాయంత్రానికి పది వేళ్ళూ పది పొయ్యిలు.
కన్ను దురదపెట్టినా ముట్టుకోలేను.
అందుకే నా కూలి డబ్బుల వాయిదాతో ఏసీ కొన్నాను,
రిమోటు నా దిండు కింద,
పద్దెనిమిది.
పగలంతా చలిలో ఉండొచ్చిన మనిషి
సొంత ఇంట్లో కూడా స్వెట్టరు వేసుకుని
గోడవైపు తిరిగి పడుకునేవాడు.
నాకది ఎప్పుడూ కనబడలేదు.
అద్దం చూపించింది.

"గాలి కూడా హమాలీయే" అన్నాడు ఆ పొద్దున.
"ఒళ్ళు వెచ్చగా ఉన్నంతసేపు ఎన్ని నీళ్ళైనా మోస్తుంది.
చల్లటిది తగిలితే భుజం జారి
అక్కడే దించేస్తుంది.
అద్దాన్ని తిట్టి ఏం లాభం?"
షాహిదా పుస్తకంలో దానికి సాంద్రీకరణం అని పేరు.
పరీక్షలో ఆ మాట రాస్తే మార్కులు.
హమాలీ అని రాస్తే ఇవ్వరేమో.

ఇప్పుడు ఇరవై ఆరు. పైన ఫ్యాను.
మొదటి రాత్రి నాకు నిద్రపట్టలేదు,
వేళ్ళకి పెరుగు రాసుకుని పడుకున్నాను.
ఎసరు మరిగేప్పుడు వంటింటి రెక్క జానెడు తీసే ఉంచుతాను,
దోమలొచ్చినా సరే.
బీరువాని గోడకి నాలుగు వేళ్ళు ఇవతలికి లాగాం,
వెనక నుంచి షాహిదా రెండో క్లాసు గాజొకటి దొరికింది.

ఇంకో మాట కూడా చెప్పాడాయన, మామూలుగానే:
ఛాంబర్లోంచి తెచ్చిన టిక్కీ మూతి
వెంటనే విప్పకూడదట.
చలి దిగకముందే విప్పితే కాయ చెమ్మగిలి
లోలోపల బూజు పడుతుందట.

నిన్న డ్యూటీ దిగి వచ్చాడు.
మొహం గట్టిగా, చొక్కా జేబు ఖాళీగా.
జీతం రోజు.
ప్రశ్న నా నాలిక చివర్న ఉంది,
పోయిన నెలైతే గుమ్మంలోనే అడిగేసేదాన్ని.
స్టూలు జరిపాను. టీ ఇచ్చాను.

గ్లాసు నోటిదాకా ఎత్తగానే
కళ్ళజోడు తెల్లబడింది.
ఆయన తుడుచుకోలేదు.
నేనూ ఏం అడగలేదు.
కింద వీధిలో ఎవరో ఆటో స్టార్టు చేస్తున్నారు,
అది అందుకోవడం లేదు.