కాపలా

ఆగమన కాలం, మొదటి ఆదివారం.
"మెలకువగా ఉండండి" అని ఫాదరు ప్రసంగం ఎత్తుకున్నాడు.
నేను నిద్రపోయినా.
ఉపదేశి చౌరయ్య మోచేత్తో డొక్కలో పొడిస్తే
ఉలిక్కిపడి "ఆమెన్" అన్నా.
ఆడోళ్ల వైపు ఒకటే నవ్వులు.

వాళ్లకేం తెలుసు.
ఊటుకూరు గుంటల మీద రాత్రి కాపలా నాది.
నాలుగు ఏరియేటర్లూ తిరగతా ఉండాయా లేదా
చెవితోనే చూసుకోవాల.
ఒక చక్రం ఆగితే నీళ్ల చప్పుడే మారిపోతాది.

పూసకొక మంగళవార్త జపం,
పది పూసలకొకసారి టార్చిలైటు, గట్టు చుట్టూ.
మధ్యలో లెక్క తప్పుతా,
మళ్లీ మొదట్నించి.
మరియమ్మ తల్లి లెక్క అడగదులే.

మొన్న బేస్తవారం వాయుగుండం వాన.
రెండు గంటలప్పుడు కరెంటు పోయింది,
జనరేటరు దగ్గి దగ్గి ఆగింది.
లైటేస్తే రొయ్యలన్నీ పైకి తేలి
వేల కళ్లు, ఎర్రగా, నిప్పురవ్వల్లా,
నా వైపే.
రొమ్ముల్లోతు దిగి
చేతుల్తో నీళ్లు బాదినా తెల్లారేదాకా.
ఒక్క జపమూ నోటికి రాలా.
"రా... రా..." అదొక్కటే.
కరెంటునా, పొద్దునా, ఆయన్నా,
ఎవర్ని పిలిచినానో నాకే తెలీదు.

సగం చచ్చినాయని ఆసామి జీతం కోసినాడు.

ఈ వారం మూడో కొవ్వొత్తి.
సరుగుడు మండల చుట్టలో పెట్టను
గులాబీ రంగుది నెల్లూరంతా తిరిగినా దొరకలేదంట.
ఫిలోమిన సిస్టరు తెల్లదానికే
రవికగుడ్డ పీలిక చుట్టింది.
అది ఒక పక్కకి ఒరిగి, అయినా వెలగతా ఉంది.

చౌరయ్యా, ఈ పూట పొడవబాక.
కళ్లు మూసుకున్నా గానీ
వింటానే ఉండా.