ఠికాణా

తెల్లవారుజాము నాలుగింటికి
నారాయణగూడ ఫ్లైఓవర్ కింద
జబ్బకు కట్టుకున్న ఫోనుని నిద్రలేపాను.
ఆకాశంలో ఎక్కడో ఉపగ్రహాలు
నా వైపు తల తిప్పేదాకా
చెప్పుల కొట్టు మెట్ల మీది కుక్కా నేనూ
ఒకర్నొకరం చూసుకుంటూ కూర్చున్నాం.

"పాలప్యాకెట్టుకి పొమ్మంటే మోకాళ్ళ నొప్పి,
ముప్ఫై కిలోమీటర్లకి మాత్రం లేదు."
తలుపు వేసుకుంటూ వసుంధర అన్న మాట
హిమాయత్‌నగర్ దాకా వెంట వచ్చింది.

ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి.
పారిపోయిన సున్నల్ని ఎర్రపెన్నుతో పట్టుకొచ్చి
వాటి వాటి అక్షరాల పక్కన కూర్చోబెట్టడం నా కొలువు.
మాది సాయంత్రం పత్రిక, పేజీలు పొద్దున్నే కట్టాలి.
ఇవాళ నాకు సెలవు,
నా కుర్చీలో మస్తాన్‌బీ.
ఆమె తెర మీద ఒక మూల మూడో పేజీ
ఇంకో మూల నేను,
నీలం చుక్కని.

"ఓ కన్నేసి ఉంచమ్మా" అని నేనే పంపాను ఆ లింకు.
పోయిన నెల సంజీవయ్య పార్కు దగ్గర
కళ్ళు తిరిగి కూలబడ్డ సంగతి
ఇంట్లో చెప్పలేదు.
ఆమెకొక్కదానికే చెప్పాను.

లిబర్టీ దాటి ట్యాంక్‌బండెక్కి
రాణీగంజ్ వంపు తిరిగి
నెక్లెస్ రోడ్డు పట్టుకుని మళ్ళీ మొదటికి.
చెవిలో ఎవరో పరాయి పిల్ల
కిలోమీటరుకోసారి నా ఆలస్యాన్ని చదువుతోంది,
మార్కులు చదివే పంతులమ్మలా, కానీ తిట్టకుండా.
సాగరం గాలి కాస్త మురుగు, కాస్త తడి గడ్డి.
ఒక చుట్టు, ఒక సున్న.
రెండో చుట్టు, ఆ సున్న మీదే దిద్దుడు.

మూడో చుట్టులో, ఇరవై ఆరు దాటాక, మెసేజి:
"సార్, మీరు నీళ్ళలో ఉన్నారు."

ఆగి చూశాను. నిజమే.
ఏ ఉపగ్రహానికి కునుకు పట్టిందో
నన్ను రోడ్డు మీంచి ఎత్తి
హుస్సేన్ సాగర్ నట్టనడుమ పెట్టింది.
చుట్టూ నేను గీసిన గుండ్రం
మధ్యలో చుక్కగా నేనే.

ఠ.

నారాయణగూడ నుంచి వచ్చిన దారి దానికి తలకట్టు,
కాకపోతే పక్కకి జారింది.
కంఠంలో, పాఠంలో, కఠినంలో
తలదాచుకుని బతికే అక్షరం.
మాటకి ముందు నిలబడే భాగ్యం ఎప్పుడో గానీ రాదు.
ఠికాణా అంటామే, అలాంటప్పుడు.

"ఫర్లేదు, ఈదుకొస్తా" అని కొడుతుండగానే
ఫోను నల్లబడింది.

తర్వాతి ముక్క ఎవరి దగ్గరా లేదు.
జలవిహార్ ముందు పిక్క పట్టేసింది.
చెట్లకి నీళ్ళు పెడుతున్న ముసలాయన
పైపు నా తల మీదికి తిప్పి
"ఎవడు తరుముతుండు బిడ్డా?" అన్నాడు.
ఏం చెప్పానో గుర్తు లేదు.
చెవిలో పిల్ల లేదు. నా ఊపిరి నాకే వినపడి
కొంచెం సిగ్గేసింది.
కాళ్ళు ఒకదానికొకటి ఒప్పజెప్పుకుంటూ పోయాయి.

ట్యాంక్‌బండ్ మీద, విగ్రహాల వరసలో
ఆఖరి విగ్రహంలా మస్తాన్‌బీ.
స్కూటీకి ఆనుకుని
రోడ్డు వైపు కాదు, నీళ్ళ వైపు చూస్తోంది.
చేతిలో పవర్‌బ్యాంకు, గ్లూకోజు పొట్లం.
"ఫోను చూపించిన చోటికే వచ్చాను సార్" అంది
కోపంగా.
కాసేపాగి, ఇంకా అటే చూస్తూ,
"మూడో పేజీలో గండిపేటకి సున్న ఎగిరిపోయింది.
గడిపేట అని పడింది. ప్లేటెక్కేసింది."

ఇన్నేళ్ళలో మొదటిసారి
ఒక తప్పు నా కోసం జరిగింది.
దిద్దబుద్ధి కాలేదు.

"ఎన్నయ్యాయి సార్?"
"ఇరవై ఆరు. ఆపైన లెక్క లేదు."

స్కూటీ వెనక, కాళ్ళు చాపలేక ముడవలేక కూర్చుని
వీధి మలుపులో
పాలబూత్ దగ్గర కాస్త ఆపమన్నాను.