రెండొందల పదమూడో భాగం

కోడలు పిల్ల ఫోన్లో పెట్టిచ్చింది:
"ఇదేనా అత్తా, నువ్వు ఎప్పుడూ చెప్పే సీరియల్?"
మొదట్లో వచ్చే ఆ వీణ ముక్క మోగంగానే
నా వేళ్లకి మళ్లీ పలక ధూళి అంటుకుంది.

మొత్తం ఆరొందల పన్నెండు భాగాలు.
చట్రం బిగించి పేర్చిన పలకల్లాగా వరసగా ఉన్నాయి.
యాడా సబ్బుల ప్రకటన లేదు.
మబ్బు పడితే తెర నిండా చుక్కలు లేవు.
మిద్దె మీద యాంటెన్నా తిప్పే మనిషీ లేడు.

మార్కాపురంలో, తర్లుపాడు రోడ్డు షెడ్డులో
డజనుకి ముప్పావలా మాకు.
రాయి పొర చీల్చేది దానమ్మ,
అంచులు కోసేది నేను,
చట్రానికి మేకులు కొట్టేది కాశింబీ.
మధ్యాన్నం రెండున్నరకి
ఓనరు కిటికీ బయట పద్దెనిమిది తలకాయలం.
కుడి రెక్క ఎప్పుడూ తీసేవాళ్లు కాదు.
తెరలో ఆ పక్కన నిలబడ్డవాళ్లంతా
మాకు ఉత్త గొంతులే.
సువర్చల అత్తగారి మొహం ఇన్నేళ్లకి ఈ ఫోన్లో చూశా.
పాపం, చిన్నపిల్ల,
తలకి పౌడరు కొట్టారు.

రెండొందల పన్నెండులో
సువర్చల ముందు బావలు కాయితం పెట్టారు,
పొలం రాసివ్వమని.
ఆమె కలం పట్టుకుంది.
ఆ రోజుకి అంతటితో ఆపారు.

మర్నాడు రెండింటికే కరెంటు పోయింది.
నాలుగు దాకా ఎండలో నిలబడ్డాం,
నల్లటి గాజులో మా మొహాలు మేమే చూసుకుంటా.

ఆ తర్వాత రోజు కాశింబీ చెప్పింది.
"మా చిన్నమ్మింట్లో బ్యాటరీ ఉందిలే, నేను చూశా."
నోట్లో మేకులు పెట్టుకుని,
ఒక్కోటి తీసి కొట్టుకుంటా,
మేకుకో మాట చెప్పింది.
సువర్చల సంతకం చెయ్యలేదంట.
కాయితం వెనక్కి తిప్పిందంట.
వెనక లెక్క రాసిందంట:
పదకొండేళ్లు, పూటకి తొమ్మిది మందికి వంట,
ముగ్గురికి పురుడు, మామకి మందు, గొడ్లకి గడ్డి.
"ముందు ఇది తేల్చండి, ఆనక అది రాస్తా" అందంట.

రంపం ఆగింది.
షెడ్డులో కాసేపు ఎవురూ దగ్గను కూడా దగ్గలేదు.

ఆ వారం దానమ్మ ఒక పగుళ్ల పలక దాచింది,
డజనుకో గీత గీసుకోను.
నేనూ ఒకటి దాచా.
శుక్రవారానికి పద్దెనిమిది మందికీ పద్దెనిమిది.
ఊరూరి పిల్లకాయలకి పలకలు కోసిన చేతులు
పలక మీద ఏదన్నా గీసింది అదే మొదలు.
మేస్త్రీ పుస్తకానికీ మా గీతలకీ
పద్నాలుగు డజన్లు తేడా.
ఇచ్చాడు. గొణుక్కుంటానే ఇచ్చాడు.
సువర్చల పేరు చెప్పుకుని
ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నాం.

నిన్న రాత్రి రెండొందల పదమూడు నొక్కా.
సువర్చల కలం పట్టుకుంది.
సంతకం చేసింది.
ఆ సంతకాన్నే మూడు దిక్కుల్నించి మూడుసార్లు చూపించారు,
ఉరుములు కలిపి.
అంతే.
వెనక్కి తిప్పా. మళ్లీ చేసింది.
ఇంకోసారి తిప్పా.
చేసింది.
తర్వాతి భాగానికి
అయిదు, నాలుగు, మూడు అని అడుగున అంకెలు దిగుతుంటే
ఫోను బోర్లా పెట్టేశా.

కాశింబీ చిన్నమ్మది బోడపాడులో పూరిగుడిసె.
బ్యాటరీ యాడిది, బుడ్డీలోకి కిరసనాయిలే అప్పు.
ఆ సంగతి నాకు అప్పుడే తెలుసేమో.
తెలిసే అడగలేదేమో.

పొద్దున్నే ఫోన్ చేశా.
కంభంలో కూతురి దగ్గర ఉంటోంది,
రాతి ధూళి తిన్నంత తిని సగం ఊపిరి వదిలింది.
"కాశింబీ, రెండొందల పదమూడు చూశానే."
చానాసేపు దగ్గు.
దగ్గు ఆగినాక ఇంకాసేపు ఏమీ లేదు.
అప్పుడు అడిగింది:
"ఏం చెంచమ్మా,
ఈసారి కరెంటు పోలేదా?"