ఆరూ నలభైకి పోటు

కాగితంలో ఉన్నది ఇంతే:
"ఇల్లు ఒకటి. నేల లేదు."
నోటరీ రెండుసార్లు చదివి
కళ్లజోడు తీసి నా వంక చూశాడు.
అవునండీ, ఇల్లే కొన్నాను.
నేల నాకుంది,
జలసంధికి అవతల, మా నాన్న బంగాళాదుంపల మడి పక్కన.
ఇక ఇల్లే అక్కడికి రావాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు
ఇల్లు ఈదించి చూడు అనలేదు,
చిలోయే దీవి వాళ్లు కారు గనక.

అమ్మినావిడ ఎర్మిందా నావెల్కిన్.
నేలని సాల్మన్ చేపల కంపెనీ కొంది,
ఇంటిని నేను కొన్నాను,
కోళ్లని ఎవరూ అడగలేదు.
బేరమాడినంతసేపూ ఆవిడ ధర దించలేదు,
నా కప్పు మాత్రం నింపుతూనే ఉంది.
"చేప పొలుసుల్లా ఈ చెక్కలు చూశావా,
ఒక్కోటీ మా మామగారు చెక్కినవి.
వాన లోపలికి రాదు.
వచ్చినా మెట్ల దగ్గరే వస్తుంది.
అలవాటు పడతావు."

వారం రోజులుగా ఇంటిని తేలిక చేస్తున్నాం.
కిటికీ అద్దాలు ఊడదీసి దుప్పట్లలో చుట్టాం.
పొయ్యి గొట్టం దించితే
ముప్పై ఏళ్ల మసి నా నెత్తిన పడింది.
తలుపులు కలిసిపోకుండా
మా ఆయన ఒస్వాల్దో వాటికి అంకెలు వేశాడు,
రెండింటికి ఏడే వేశాడు.
ఒడ్డున ఖాళీ పీపాలు ఇరవై రెండు, మోకులు, సబ్బు పూసిన దుంగలు.

ఎడ్ల జతలు పన్నెండు అడిగాను. పది ఖాయం.
లిసాండ్రో బర్రియా వాళ్ల జతలో ఒకదానికి గిట్ట నొప్పి,
"వాన ఆగితే తోలుకొస్తా" అన్నాడు.
ఫిబ్రవరి ఎండాకాలమే. వాన ఆగదు.
ఇక్కడ ఇల్లు లాగినవాళ్లకి కూలి ఇవ్వబోతే తిట్టినట్టు.
కడుపునిండా పెట్టాలి, అంతే.
ఒక పంది, రెండు బస్తాల ఆల్చిప్పలు,
తురిమి తురిమి నా వేళ్లు కోసుకుపోయిన దుంప రొట్టెలు,
నలభై లీటర్ల ఆపిల్ కల్లు.
"నలభై ఏ మూలకి?" అంది మా అత్త నిడియా,
"ఎద్దుల్ని లెక్కేసుకున్నావు గానీ
ఎద్దుల్ని తోలేవాళ్లని వేసుకోలేదు."

సాయంత్రం ఎర్మిందా గారు ఖాళీ గదులన్నీ తిరిగింది.
ఏడుస్తుందేమోనని జేబులో రుమాలు తడుముకున్నాను.
ఆవిడ వంటింటి గోడకి అరచెయ్యి ఆనించింది,
ఈనబోయే ఆవు డొక్క చూసినట్టు.
"ఎనభై ఏళ్లుగా ఇది ఉత్తరపు గాలికి ఒరిగి నిలబడింది.
అక్కడ గాలి ఎలా?"
"ఉత్తరాన కొండ అడ్డమండీ, గాలే తగలదు,"
అన్నాను సంబరంగా.
"మరి దేన్ని కాచుకుని నిలబడుతుంది?"
అనేసి,
చెల్లెలి ఊరి బస్సుకి చిల్లర ఉందో లేదో
లెక్కపెట్టుకుంటూ వెళ్లింది.

రాత్రి ఇక్కడే పడుకున్నాం.
కిటికీలు లేని ఇల్లు కళ్లు మూసుకోదు.
టార్చిలోంచి బ్యాటరీ జారి
చీకట్లో దొర్లుకుంటూ దొర్లుకుంటూ
దక్షిణపు గోడకి టక్కుమని తగిలింది.
తెచ్చి మళ్లీ వదిలాను. అదే గోడ.
ఇంకోసారి. అదే.
"అక్కడ మట్టం చూసి సరిచేస్తాలే,"
నిద్రలోనే అన్నాడు ఒస్వాల్దో.

నేనేం అనలేదు.
తెల్లారాక, ఎవరూ చూడకుండా,
దక్షిణం వైపు వేసే దుంగలు నాలుగు
అవతల ఒడ్డు వడ్రంగితో
రెండు వేళ్లు పొట్టిగా కోయిస్తాను.
పాతికేళ్లు పోయాక చూద్దాం,
నిటారుగా నిలబడాలనిపిస్తే
అదే నిలబడుతుంది.

పన్నెండున్నరకి సముద్రం వెనక్కి పోతుంది.
ఆరూ నలభైకి పోటు.
ఆ లోపు ఇల్లు ఇసుక మీద ఉండాలి.
ఎక్కడో బురదలో ఎడ్ల గంట మోగింది,
ఒకటే గంట. అప్పుడే ఎవరో.
నేల చెక్కల కింద
కోడి ఒకటి గొణిగి, సర్దుకుని,
మళ్లీ గుడ్ల మీద కూర్చుంది.