కుడికన్ను

సాల్మియాలో, మూడో అంతస్తులో
ఫ్రిజ్ తాళం నా దగ్గరే ఉంటుంది.
బొటనవేలంత సీసా.
లోపల ఏమీ లేనట్టే ఉంటుంది,
అద్దం మీద ఊదిన ఊపిరంత తెల్లదనం తప్ప.
సెలైన్ పోశాక కుదపకూడదు,
నిద్రపోయే బిడ్డను పక్కకి ఒత్తిగిలబెట్టినట్టు
మెల్లగా తిప్పాలి.

డాక్టర్ హనాన్ మొదటిరోజే చెప్పింది,
ఇది ఉబ్బిన డబ్బాల్లో, గాలాడని చోట పుట్టే విషమని.
రాజోల్లో మా అమ్మ
మూత పొంగిన డబ్బా కనబడితే
కుక్క కూడా ముట్టకుండా గొయ్యి తీసి పూడ్చేది.
ఇక్కడ నేను దాన్నే
సన్న సూదిలోకి గీతలు లెక్కపెట్టి లాగుతాను.

మంగళవారాలు నరాల డాక్టర్‌వి.
మునివేళ్ల మీద నడిచే ఆరేళ్ల పిల్లాడికి పిక్కలో,
తలనొప్పితో గోడ పట్టుకునే టీచరమ్మకి మెడ వెనక,
అరచేతుల చెమటకి వేలిముద్ర పడని బ్యాంకు కుర్రాడికి
ఒక్కో చేతిలో యాభై పోట్లు. పాపం, ఏడ్చేశాడు.
మిగతా రోజులన్నీ నుదుళ్లవి.
ఈద్ ముందు వారమైతే
మాకు టీ తాగే తీరిక కూడా ఉండదు.

లింబాద్రి, ఉమ్ బదర్ గారి డ్రైవర్.
జగిత్యాల అవతల ఊరు.
ఆమె బ్యాగు మోసుకుని పైకొచ్చి
గుమ్మంలోనే నిలబడ్డాడు.
కుడికన్ను టపటపా కొట్టుకుంటోంది,
దాంతోపాటు చెంప, చెంపతోపాటు నోటికొస.
"మొగోనికి కుడికన్ను అదిరితె మంచిదంటరు గద సిస్టర్,
ఏడాదిసంది అదురుతనే ఉంది.
ఏం మంచి రాలె."

వచ్చింది చెడే.
మేడమ్ చెల్లెలికి కన్ను కొట్టాడన్నారు.
పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది.
కొండగట్టు అంజన్న మీద ఒట్టేశాడట,
ఆ ఇంట్లో అంజన్న ఎవరో ఎవరికి తెలుసు?

స్కాన్ చూసి డాక్టర్ చెప్పింది,
లోపల ఓ రక్తనాళం నరానికి ఆనుకుని కొట్టుకుంటోంది, అంతే.
ఉమ్ బదర్ ఊఁ అంది. డబ్బు మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం నుదుళ్లన్నిటికీ పోగా
సీసాలో ఇరవై రెండు యూనిట్లు మిగిలాయి.
డాక్టర్ నా వైపు చూసింది,
నేను గడియారం వైపు.
రెప్ప చుట్టూ, చెంపలో, పద్దెనిమిది.
బిల్లు పుస్తకం మూసే ఉంది.

"నాలుగు గంటలదాకా పడుకోకూడదు" అన్నాను.
సగం ముఖంతో నవ్వాడు.
"నేను పండేదే రాత్రి ఒంటిగంటకు."

ఐదోరోజుకి కన్ను నిలిచింది.
రెండు వారాలకి ఫోన్ చేసి, బాగుంది సిస్టర్ అని,
ఇంకేదో చెప్పలేక నసిగాడు.
కారు అద్దంలో మేడమ్ కనుబొమలు చూసే
ఏసీ ఎంత పెట్టాలో, నోరెప్పుడు మూసుకోవాలో
తెలుసుకునేవాడట ఇన్నాళ్లూ.
ఇప్పుడక్కడ ఇస్త్రీ చేసిన దుప్పటి.
తిట్టు చెవిన పడేదాకా కోపమొచ్చిందని తెలియదు.

అది కాదులే అసలు సంగతి.
శుక్రవారం ఫోన్లో నర్సవ్వ అడిగిందట,
"ఏందయ్యా, ఇప్పుడు కన్ను కొడ్తలేవు?"
ఏడాదిగా ఆ అదురంతా తనకోసమే అనుకుంది ఆమె.
ఇరుగమ్మతో కూడా చెప్పుకుంది.
ఏం చెబుతాడు, నరం అని?
కావాలని కొట్టబోతే రెప్ప సగందాకా వచ్చి
బరువుగా ఆగిపోయిందట.

ఈ విషానికీ అకామా ఉంటుంది,
మూడు నెలలు, మహా అయితే నాలుగు.

నిన్న కింద పార్కింగ్‌లోంచి ఫోన్:
"సిస్టర్, మళ్ల షురువైంది."
రమ్మన్నాను. ఇవాళ బుధవారం,
సీసాలో ముప్పై దాకా ఉన్నాయి,
రేపటికి పారబొయ్యాల్సిందే.

కాసేపు ఇంజిన్ చప్పుడే వినబడింది.
"శనివారం వస్త," అన్నాడు,
"శుక్కురారం ఇంటికి మాట్లాడినంక."